అమీర్‌పేట డాబా మీంచి చూసిన సుడిగాలి

నా ఉద్యోగ జీవితంలో నేను ఎక్కువసార్లు రాసిన మాటలు రెండు. ఒకటి "అక్కడక్కడా". రెండోది "అవకాశం ఉంది". వాతావరణ కార్యాలయంలో పనిచేసినవాళ్లకు ఇవి కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ లాంటివి. అక్కడక్కడా ఉరుములతో కూడిన జల్లులు కురిసే అవకాశం ఉంది. ఈ వాక్యంలో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఇది విని గొడుగు పట్టుకెళ్లిన మనిషిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. మా ఇంట్లో దీని మీద ఒక వేళాకోళం ఉండేది. యూసుఫ్‌గూడలో మా ఇంటికి వచ్చిన చుట్టాలు "అన్నం తింటవా?" అని నన్నడిగితే, మా తమ్ముడు నాకంటే ముందే అందుకునేవాడు, "అవకాశం ఉంది" అని.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏది మేడం అని. ఏ తుఫానో, ఏ వరదో చెబుతానని చూస్తారు. నేను చెప్పేది ఒక మే నెల సాయంత్రం గురించి. అది ఉద్యోగంలో నా ఆఖరి వేసవి. ఆ సాయంత్రం నేను ఆఫీసులో లేను, డ్యూటీలోనూ లేను. అమీర్‌పేటలో జాకెట్టు కోసం టైలర్ ముందు నిలబడి ఉన్నాను.

అక్కడిదాకా వెళ్లేముందు ఒకాయన గురించి చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరేసరికి ఆయన నాకు సీనియర్. గోదావరి వైపు నుంచి వచ్చి పంజాగుట్టలో స్థిరపడిన మనిషి. నెమ్మదిగా మాట్లాడేవారు, ఎవరి మీదా గొంతు లేపేవారు కాదు. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి పైకి చూడటం ఒక్కటే ఆయనకున్న అలవాటు. పెళ్లిచూపుల్లో కూడా తనని కాకుండా కిటికీలోంచి మబ్బు చూశారని వాళ్లావిడ చెప్పేది. ఆయన కాదనేవారు కాదు. "ఆ రోజు మంచి మబ్బు పట్టింది లెండి" అనేవారు.

ఆయనకి ఒకే ఒక ధ్యాస ఉండేది, టోర్నడో. ఎండాకాలంలో మైదానాల్లో దుమ్మూ ఎండుటాకులూ లేపుకుంటూ తిరిగే చిన్న సుడి మనందరం చూసినదే. అది నేల వేడికి పుడుతుంది, దానికి పైన మబ్బు అక్కర్లేదు. టోర్నడో వేరు. అది ఉరుముల మేఘం కింద పుడుతుంది, మేఘం అడుగు నుంచి ఏనుగు తొండంలా దిగి నేలను అందుకుంటుంది. మన దేశంలో అలాంటివి బెంగాలు వైపు వస్తాయని మేం పాఠాల్లో చదువుకున్నాం. మరి మన దక్కను పీఠభూమి మీద వస్తాయా? వస్తే ఏ నెలలో, ఏ పూట, ఎటు నుంచి ఎటు, ఎన్నేళ్లకు ఒకసారి? ఇది ఆయన ప్రశ్న. ఒక రోజు గాలి సంగతి చెప్పడం ఒక పని. ఒక నేల స్వభావం ఇదీ అని చెప్పడం మరో పని. రెండోదానికి ఒక మనిషి జీవితం చాలదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఈ విషయంలో నేను ఆయనకి ప్రతివాదిని. ఎక్కడైనా సుడిగాలి వచ్చిందని కబురు వస్తే ఇద్దరం జీపులో వెళ్లేవాళ్లం. మా పరీక్ష చాలా సులువైనది. చెట్లు ఎటు పడ్డాయో చూడటమే. మేఘంలోంచి గాలి దబ్బున కిందికి దిగి నేల వెంట తోసుకుపోతే చెట్లన్నీ ఒకే వైపు పడతాయి, లేదా విసనకర్రలా విప్పారినట్టు పడతాయి. సుడి తిరిగితే మాత్రం అది పోయిన దారికి అటుపక్క చెట్లూ ఇటుపక్క చెట్లూ ఒకదానికొకటి ఎదురుగా, లోపలికి పడతాయి.

ఒకసారి నగరానికి దూరంగా ఒక పల్లెలో కోళ్ల ఫారం రేకులు లేచిపోయాయి. "సుడిగాలే సార్, గీ కండ్లతోటి చూసిన" అన్నాడు ఫారం యజమాని. మా సార్ ముఖం వెలిగిపోయింది. పక్కనే మామిడితోట ఉంది. నేను తోటంతా తిరిగి వచ్చి, "అన్నీ తూర్పుకే పడ్డాయి సార్" అన్నాను. ఆయన వాదించలేదు.

"ఉండమ్మా, ఆ గట్టు అవతల కూడా ఒకసారి చూసొద్దాం" అన్నారు.

ఎండలో గట్టు ఎక్కి దిగాం. అవతలి చెట్లూ తూర్పుకే పడ్డాయి. ఆయన ఇంకో గట్టు చూపించారు. ఎదురుగా పడిన ఒక్క చెట్టు కోసం ఆయన అలా నడుస్తూనే ఉండేవారు. మా డ్రైవరు జీపులో హాయిగా నిద్రపోయేవాడు. ఇలా ఎన్ని ఊళ్లు తిరిగామో లెక్కలేదు. ప్రతిచోటా నా మాటే నెగ్గింది. ప్రతిసారీ తిరుగు ప్రయాణంలో ఆయన నాకు చెరుకురసం ఇప్పించేవారు.

ఒకసారి పై ఆఫీసు నుంచి కబురొచ్చింది, ఎత్తయిన కట్టడాలు కట్టేవాళ్ల కోసం ఏ ప్రాంతంలో ఎలాంటి గాలులు వస్తాయో రాసి పంపమని. టోర్నడోల భాగం మా ఇద్దరికీ పడింది. నేను "ఈ ప్రాంతంలో టోర్నడోలు లేవు" అని రాశాను. ఆయన చదివి కాగితం నా వైపు జరిపారు.

"లేవు అని రాయకమ్మా. మనం చూడలేదు అని రాయి."

"రెండూ ఒకటే కదా సార్."

"ఎలా అవుతుంది? చేను మధ్యలో ఎప్పుడో ఒక సుడి దిగి కాసేపట్లో పోయిందనుకో. దాన్ని చూసేదెవరు? చూసినా మనకి చెప్పేదెవరు? చెప్పినా, నువ్వు నమ్మాలి కదా."

చివరికి "నిర్ధారణ అయినవి లేవు" అని, ఇద్దరికీ సగం సగం నచ్చే మాట ఒకటి వెతికి రాశాం.

ఆయన నాకంటే ముందే రిటైరయ్యారు. అయినా వారానికోసారి ఆఫీసుకి వచ్చేవారు. రాడార్ బొమ్మలు చూసి, టీ తాగి వెళ్లేవారు. ఆ చూపు కూడా మందగించింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆ మే నెలలో ఒక కంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. సరిగ్గా అదే రోజు సాయంత్రం మా తమ్ముడి కూతురి ప్రధానం. మీలో కొందరు నిశ్చితార్థం అంటారు, మా చర్చి వాళ్లం ప్రధానం అంటాం. మా తమ్ముడు సనత్‌నగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ఇల్లూ అక్కడే, చర్చీ అక్కడే. చర్చి పక్క ఖాళీ జాగాలో ఇనుప గొట్టాలు పాతి, పైన పెద్ద షామియానా వేయించాడు.

ఆ రోజు నేను ఉదయం ఆఫీసుకి వెళ్లి మధ్యాహ్నం సెలవు పెట్టాను. పొద్దున చార్టులు చూసినప్పుడే మనసు ఒక పక్కకి లాగింది. కింద ఆగ్నేయం నుంచి తడిగాలి వస్తోంది, పైన పడమటి పొడిగాలి వీస్తోంది. ఆ రెండూ కలిసే గీత దాదాపు మన నగరం మీదే ఉంది. ఇలాంటి రోజులు ప్రతి వేసవిలోనూ ఉంటాయి. నేను ఎప్పటిలాగే "అక్కడక్కడా" అని రాసి బయటపడ్డాను.

దారిలో పంజాగుట్టలో దిగి సార్‌ని చూడ్డానికి వెళ్లాను. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చేశారు. కంటికి కట్టుతో, తెరలు వేసిన గదిలో వెల్లకిలా పడుకుని ఉన్నారు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, బాగున్నావా అని కూడా అడక్కుండా, "చార్టు ఎలా ఉందమ్మా?" అన్నారు. చెప్పాను. 

"ఇవాళ కాస్త పైకి చూస్తూ ఉండు" అన్నారు.

"మీరు మాత్రం ఏ పైకీ చూడకండి. డాక్టరు లేవద్దన్నాడు" అంది వాళ్లావిడ గుమ్మంలోంచి.

అక్కడి నుంచి అమీర్‌పేట వచ్చాను. నా టైలర్ దుకాణం కోచింగ్ సెంటర్ల సందులో, ఒక పాత బిల్డింగ్ ఆఖరి అంతస్తులో ఉంటుంది. పైన డాబా, డాబా నిండా హాస్టల్ పిల్లలు ఆరేసుకున్న బట్టలు. టైలర్ మాస్టర్ నా జాకెట్టు ఇంకా పూర్తి చేయలేదు.

"జర కూసోండ్రి మేడం. హుక్కులు కుట్టుడే ఉన్నది" అన్నాడు.

కూర్చోలేకపోయాను. గాలి ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, కానీ కిటికీలోంచి వచ్చే గాలి ఉన్నట్టుండి నిలిచిపోయింది. మెట్లెక్కి డాబా మీదికి వెళ్లాను.

వాయవ్యంలో, ఎర్రగడ్డ వైపు, పెద్ద మేఘం లేచి ఉంది. అది నాకు కొత్త కాదు. దాని ఉత్తరపు చివర వాన తెర దిగింది, అదీ కొత్త కాదు. కానీ వానకి ఎడం పక్కన, వాన లేని చోట, మేఘం అడుగు ఒకచోట కిందికి జారి ఉంది. పైకప్పు పెచ్చు ఊడి వేలాడుతున్నట్టుగా ఉంది. పడమటి ఎండ దాని కింద నుంచి వస్తోంది. ఆ ఎండలో దాని అంచులు రాగి రంగులో మెరుస్తున్నాయి. ముందు దాని రంగు చూస్తూ ఉండిపోయాను. తర్వాతే కదలిక కనిపించింది. అది మేఘంతో పాటు ముందుకు జరగడం లేదు. ఉన్నచోటే నింపాదిగా, బరువుగా తిరుగుతోంది.

దాని కింద సనత్‌నగర్ ఉంది.

నా చేతిలో ఫోను ఉంది. మా తమ్ముడికి చేయాలని మనసుకి తెలుసు. కానీ ఏమని చెప్పాలి? ఇన్నేళ్లూ ఊరూరా తిరిగి "ఇది సుడి కాదు" అని చెప్పినదాన్ని. పెళ్లికొడుకు వాళ్లు వచ్చే వేళకి ఆడపిల్ల ఇంట్లో అందర్నీ లేపి పరిగెత్తించి, చివరికి నాలుగు చినుకులు పడి ఊరుకుంటే? నాకు ఇంకొక్క మనిషి ఔననాలి. సార్‌కి ఫోన్ చేశాను. వాళ్లావిడ ఎత్తి, "ఇప్పుడే మాత్ర ఇచ్చానమ్మా" అంటుండగానే ఫోన్ ఆయన చేతిలోకి వెళ్లింది.

"సార్, మేఘం అడుగు దిగింది. తిరుగుతోంది."

"తిరుగుతోందా, జరుగుతోందా? సరిగ్గా చూడు."

"తిరుగుతోంది సార్."

"ఎటు?"

"ఇవతలి అంచు ఎడమ నుంచి కుడికి పోతోంది."

"వాన?"

"పక్కన. దీని కింద లేదు."

అవతల ఆయన ఊపిరి వినిపించింది. ఇంకా ఎన్నో అడుగుతారనుకున్నాను. ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, రంగేమిటి. ఆ ప్రశ్నలన్నీ ఆయన దగ్గర ఎన్నేళ్లుగా సిద్ధంగా ఉన్నాయో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆయన ఒక్కటే అడిగారు.

"దాని కింద ఏముందమ్మా?"

"సనత్‌నగర్ సార్. మా తమ్ముడి వాళ్ల షామియానా."

"మరి నాతో ఎందుకు మాట్లాడుతున్నావ్? వాళ్లకి చెయ్యి."

నేను మాట్లాడేలోపే ఫోన్ పెట్టేశారు.

ఆ క్షణం గురించి నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. జీవితమంతా ఎదురుచూసిన దాన్ని కళ్లారా చూసే వీలు ఆయనకి లేకపోయింది. చెవులతోనైనా చూసే వీలుండేది. దాన్ని తన చేత్తోనే తెంపేసుకున్నారు.

తమ్ముడు వెంటనే ఎత్తాడు. వెనకాల సౌండ్ బాక్సులో పాట వస్తోంది.

"ఏడున్నవ్ అక్కా? పిల్లగానోళ్లు వచ్చేసిండ్రు."

"తమ్మీ, అందరినీ చర్చి లోపలికి తోలు. ఇప్పుడే. టెంటు కింద ఒక్కరు సుత ఉండొద్దు."

"గాలొస్తదా? రానీ అక్కా, ఫికర్ లేదు. తాళ్లు గట్టిగనే కట్టినం."

"తాళ్లు ఆగవు."

"వాళ్లు ఇప్పుడే కూసున్నరక్కా. ఇప్పుడు లేపితే ఏమనుకుంటరు? వచ్చే అవకాశం ఉన్నదంటవా, మరి?"

వెక్కిరింతకి అనలేదు వాడు. అలవాటుగా అన్నాడు.

"అవకాశం గాదు తమ్మీ. వస్తున్నది. నేను చూస్తున్న."

 నా నోటి నుంచి అలాంటి మాట వాడు పుట్టి బుద్ధెరిగాక విని ఉండడు. "సరే అక్కా" అన్నాడు. పాట మధ్యలో ఆగిపోవడం విన్నాను.

ఆఫీసుకి కూడా చేశాను. డ్యూటీలో ఉన్న అమ్మాయికి చూసింది చెప్పాను. రాడార్‌లో మేఘం కనిపిస్తోంది కానీ అంత కింద ఏం జరుగుతోందో కనిపించడం లేదంది. నగరం మధ్యలో, బిల్డింగుల అడ్డంతో, అంత చిన్నదాన్ని రాడార్ పట్టుకోలేదు.

"టోర్నడో అనే మాట మనం ఎప్పుడూ రాయలేదు మేడం" అంది.

"సుడిగాలి అని రాయమ్మా. సనత్‌నగర్, ఎర్రగడ్డ అని పేర్లు రాయి. అక్కడక్కడా అని మాత్రం రాయకు."

రాసింది. ఆ అమ్మాయి అంత తొందరగా రాసి పంపినందుకు ఎంతమంది బయటపడ్డారో నేను చెప్పలేను. కొందరైనా బయటపడ్డారు. ఫోన్లకి వచ్చిన ఆ మెసేజ్ చూసి మిషన్లు ఆపి బయటికి వచ్చేశామని వర్క్‌షాపుల వాళ్లు మాకు తర్వాత చెప్పారు.

ఈలోగా టైలర్ మాస్టర్ సూది చేత్తోనే పైకి వచ్చాడు. ఆరేసిన బట్టలు తీసుకోవడానికి హాస్టల్ పిల్లలూ వచ్చారు. అందరం పిట్టగోడ దగ్గర నిలబడ్డాం.

మేఘం అడుగు నుంచి ఒక మొన దిగింది. కాసేపు అది అక్కడే ఆగి, దిగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఊగింది. అప్పుడు కింద, ఇళ్ల వెనక నుంచి, ఎర్రటి దుమ్ము వలయంగా లేచింది. పైమొనకీ కింది దుమ్ముకీ మధ్య ఏమీ లేదు. ఉత్త ఎండ ఉంది. ఆ ఎండలోనే ఉన్నట్టుండి ఒక స్తంభం నిలబడింది. దిగింది అనలేను, లేచింది అనలేను. అది అంతకుముందు నుంచీ అక్కడే ఉండి ఇప్పుడు కనిపించినట్టు అనిపించింది. బూడిద రంగులో, నునుపుగా, మేఘం నుంచి నేలదాకా ఒకే స్తంభం.

"గదేంది మేడం, పొగనా?" అన్నాడు మాస్టర్. 

"పొగ కాదు మాస్టర్. గాలి."

ఆ మాట అన్నాక నాకే విచిత్రంగా తోచింది. గాలి కనిపించదు. మేం ఇన్నేళ్లూ దాన్ని అంకెల్లో చూశాం, బాణం గుర్తుల్లో చూశాం, పడిన చెట్లలో చూశాం. ఇదిగో, ఇప్పుడు అదే ఒక ఆకారం తెచ్చుకుని నగరం మధ్యలో నిలబడింది. నేను చదువుకున్నదంతా గుర్తుంది. వేగం, తేమ, ఒత్తిడి. అందులో ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. మా అమ్మ బతికుండగా ఉరిమినప్పుడల్లా కీర్తన చదివేది. ఆ కీర్తనలో మొదటి మాటలు మాత్రం పెదాల మీదికి వచ్చాయి.

స్తంభం చుట్టూ గద్దలు తిరుగుతున్నాయి. పెద్ద గుంపు, నెమ్మదిగా, మెరుస్తూ, చుట్టూ చుట్టూ తిరుగుతున్నాయి. ఇంత గాలిలో గద్దలు ఎలా ఎగురుతున్నాయా అనుకున్నాను. అప్పుడు ఎండ ఒకదాని మీద తళుక్కుమంది. అవి గద్దలు కావు. వర్క్‌షాపుల పైకప్పు రేకులు. ఒక్కొక్కటీ ఒక గదంత ఉండే రేకులు. దూరం నుంచి అంత తేలిగ్గా, అంత తీరిగ్గా కనిపించాయి. కింద కరెంటు తీగలు తెగిన చోటల్లా నీలం వెలుగు మెరిసి ఆరిపోయేది. ఇంత జరుగుతున్నా మాకు చప్పుడేమీ వినిపించలేదు. కింద సందులో ఆటోల హారన్లు మామూలుగానే మోగుతున్నాయి. ఎవరో మిర్చి బజ్జీలు బేరమాడుతున్నారు.

డాబా మీద ఎవరూ అరవలేదు. పిల్లలు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు, కానీ ఫోన్లలోకి చూడటం మానేసి నేరుగా చూస్తున్నారు. ఒక అమ్మాయి, ఎవరో ఏమిటో తెలియదు, నా చెయ్యి పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను.

తర్వాత స్తంభం సన్నబడింది. కింది కొస వెనకబడిపోయి, మధ్యలో వంగి, తాడులా అయింది. చివరికి మధ్యలోనే తెగి, పైముక్క మేఘంలోకి వెళ్లిపోయింది, కిందిది దుమ్ములో కలిసిపోయింది. ఆ వెంటనే మా మీద వాన కురిసింది. వడగళ్లతో కలిసిన వాన.

తమ్ముడి ఫోను మోగలేదు. ఎన్నిసార్లు చేసినా మోగలేదు. మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆటో వాళ్లెవరూ అటువైపు రామన్నారు. మాస్టర్ తన స్కూటర్ తీసి, "ఎక్కుండ్రి మేడం" అన్నాడు. వానలో తడుస్తూ, తెగిన కొమ్మల మధ్య నుంచి సందులు మార్చుకుంటూ నన్ను సనత్‌నగర్ తీసుకెళ్లాడు. దారి పొడవునా ఆయన ఒక్క మాటే అన్నాడు, "ఏం గాదు, ఏం గాదు" అని. ఆ మాట నాకు చెబుతున్నాడో తనకి చెప్పుకుంటున్నాడో తెలియలేదు.

చర్చి పక్క జాగాలో షామియానా లేదు. ఇనుప గొట్టాలు కొన్ని వంగి, కొన్ని మాయమై ఉన్నాయి. కుర్చీలు పక్క సందులోని మేడల మీద ఉన్నాయి. చర్చి తలుపు మూసి ఉంది. దగ్గరికి వెళ్తే లోపల నుంచి పాట వినిపించింది. మైకు లేదు, వాయిద్యాలు లేవు, ఉత్త గొంతులు. గుమ్మం ముందు మెట్టు మీదే కూర్చున్నాను.

లోపల అందరూ ఉన్నారు. మా తమ్ముడి నుదుటికి తువ్వాలు కట్టి ఉంది, తువ్వాలు ఎర్రగా తడిసింది. గుండిగలు వదిలి రాని వంటవాళ్లని లాక్కురావడానికి ఆఖర్న వెళ్లాడట. రేకు ముక్క ఒకటి తగిలింది. వంటవాళ్లలో ఒకాయన చెయ్యి విరిగింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు.

"అక్కా," అన్నాడు నన్ను చూసి. నేను ఆ తువ్వాలు విప్పి మళ్లీ గట్టిగా కట్టాను. 

కరెంటు లేదు. ఫోను లైట్ల వెలుగులోనే పిల్లకి ఉంగరం తొడిగారు. తువ్వాలు కట్టుతోనే తమ్ముడు పక్కన నిలబడ్డాడు. నేను పాత జాకెట్టుతోనే ఉన్నాను. తడిసిన టైలర్ మాస్టర్‌ని పెళ్లికొడుకు తండ్రి పక్కన కూర్చోబెట్టారు.

మర్నాడు ఉదయం సార్‌కి ఫోన్ చేసి చెప్పబోతే వినలేదు. "ఫోన్‌లో వద్దు. వచ్చి చెప్పు" అన్నారు. వెళ్లాను. అప్పటికే వీడియోలు ఊరంతా తిరిగాయి. ఆయన ఒక్కటీ చూడలేదట. "ముందు నువ్వు చెప్పు. తొందర లేదు. రంగు దగ్గర మొదలుపెట్టు" అన్నారు. కట్టు లేని కన్ను కూడా మూసుకున్నారు. నేను చెప్పినంతసేపూ ఆయన వేళ్లు దుప్పటి మీద నెమ్మదిగా గుండ్రంగా కదిలాయి. రేకుల్ని గద్దలనుకున్నానని చెప్పినప్పుడు ఆగిపోయాయి. వాళ్లావిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా విని, కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది.

రెండ్రోజులకు, డాక్టరు ఒప్పుకున్నాక, నల్లద్దాలు పెట్టుకుని సార్ సర్వేకి వచ్చారు. ఆ డ్యూటీ అమ్మాయి కూడా వచ్చింది. గాలి పోయిన దారి ఒక వీధంత వెడల్పు కూడా లేదు. ఒక వర్క్‌షాపుకి పైకప్పే లేదు, గోడ అవతల టీ కొట్టులో గ్లాసులు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఆ రోజు మా బిర్యానీ గుండిగల మీద మూతలు కూడా కదల్లేదు. దారికి ఇటు పడిన వేపచెట్టు ఉత్తరానికి తల పెట్టింది. అటు పడినది దక్షిణానికి. రెండూ ఎదురెదురుగా పడ్డాయి.

నేను చూపిస్తే సార్ వెంటనే ఒప్పుకుంటారనుకున్నాను. ఒప్పుకోలేదు.

"ఒక గాలి ముందు వచ్చి, ఇంకో గాలి తర్వాత ఎదురుగా వచ్చి ఉండొచ్చు కదమ్మా?"

"నేను చూశాను సార్."

"నువ్వు చూశావు. నేను నమ్ముతాను. చెట్లేమంటున్నాయో కూడా కనుక్కోవాలి కదా."

అలా ఆ పూటంతా ఆయన కాదంటూ, నేను ఔనంటూ ఆ దారి వెంట నడిచాం. ఒకప్పుడు నేను ఆయన్ని అడిగిన ప్రశ్నలన్నీ ఆయన నన్ను అడిగారు. ఏదీ వదల్లేదు. చివరికి ఒకే గోడ మీద, ఒకదాని పైన ఒకటి, వేర్వేరు దిక్కుల నుంచి వచ్చి గుచ్చుకున్న రేకు ముక్కల దగ్గర ఆగి, చాలాసేపు చేత్తో తడిమి చూసి, "రాయమ్మా. నిర్ధారణ అయింది" అన్నారు.

డ్యూటీ అమ్మాయి రాసుకుంటూ అడిగింది, "అయితే సార్, మన ప్రాంతంలో ఎన్నేళ్లకి ఒకటి వస్తుందని చెప్పొచ్చు?"

"చెప్పలేం. ఒక్కదానికి సగటు ఉండదు. ఇకమీదట ఎక్కువ కనిపిస్తాయి చూడు. గాలులు పెరిగాయని కంగారుపడకు. పెరిగి ఉండొచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడు ప్రతి డాబా మీదా ఒక ఫోను ఉంది. మనం లెక్కపెడుతున్నది గాలుల్నా, చూసే కళ్లనా అన్నది ముందు తేల్చుకోవాలి. మీరు తేల్చండి. నా వల్ల కాలేదు."

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన మీకు నేను అప్పజెప్పగలిగింది కూడా ఆ ప్రశ్నే. జవాబు నా దగ్గర లేదు.

పని అయిపోయింది. చర్చి పక్క జాగాకి తిరిగి వచ్చాం. మిట్టమధ్యాహ్నం, మే నెల ఎండ, ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఆకు కూడా కదలడం లేదు. సార్ ఆ జాగా నడిమధ్యకి వెళ్లి నిలబడ్డారు.

"ఇక్కడేనా?"

"ఇక్కడే సార్. మీరు నిలబడ్డ చోటు మీదుగానే వెళ్లింది."

ఆయన నల్లద్దాలు తీశారు. తీయకూడదని చెప్పబోయి ఊరుకున్నాను. తల వెనక్కి వాల్చి, చేతులు రెండూ వదిలేసి, ఆ ఖాళీ ఆకాశంలోకి చూస్తూ నిలబడిపోయారు. నేనూ చూశాను. ఆ అమ్మాయీ చూసింది. ఉత్త తెలుపు. కొన్ని టన్నుల ఇనుముని ఎత్తి తిప్పింది ఇదే గాలి. ఇప్పుడు మా ముఖాలకి తగులుతున్నట్టు కూడా లేదు.

రోడ్డున పోయేవాళ్లు మమ్మల్ని చూసి ఒక్కొక్కరే ఆగారు. వాళ్లూ పైకి చూడటం మొదలుపెట్టారు. కూరగాయల బండి ఆయన బండి ఆపి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు వెతికాడు.

"ఏమున్నది సార్, పైన?" అన్నాడు చివరికి.

"ఇప్పుడేం లేదండీ" అన్నారు సార్, చూపు దించకుండానే.

ఆ మాట విన్నాక కూడా కూరగాయలాయన బండి తోసుకుంటూ వెళ్లిపోలేదు. మా పక్కనే నిలబడి చూస్తూ ఉండిపోయాడు.